బ్యాలెట్టు మీద పొడి సంతకం

జడ్జీలు కూడా ఓట్లు అడుక్కుంటారన్న సంగతి జయలక్ష్మికి అరవై రెండో ఏట, డ్రెస్డెన్‌లో కూతురి వంటింట్లో, పప్పుకి పోపు పెడుతుండగా తెలిసింది. పోపు మాడిపోయింది. మాడదా మరి! ఖమ్మం జిల్లా కోర్టులో టైపిస్టుగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయిన మనిషి ఆవిడ. ముప్పై ఒక్క ఏళ్లు జడ్జీల కనుసన్నల్లో బతికింది. డఫేదారు ముందు నడిచి దారి చేస్తే, వెనక దొరగారు తల కూడా తిప్పకుండా వచ్చి కూర్చోవడమే ఆవిడ చూసిందంతా. ఆ దొరగారు ఇంటింటికీ తిరిగి "అమ్మా, ఒక ఓటు" అనడాన్ని ఊహించబోతే ఆవిడకి ఒళ్లు జలదరించింది.

"ఏందే సంయూ ఇది? జడ్జీలకి మనం ఓటేసేదేంది? వాళ్లు కదా మన సంగతి తేల్చాల్సింది!"

"అక్కడంతేనమ్మా. నువ్వు ముందు స్టవ్ ఆపు" అంది కూతురు, చేతిలో పొడుగాటి కవరు పట్టుకుని.

ఆ కవరు అమెరికా నుంచి వచ్చింది. సంయుక్త పెళ్లయ్యాక పదకొండేళ్లు అక్కడ ఒక రాష్ట్రంలో ఉంది. రాష్ట్రం పేరు చెప్పను. వాళ్ల తగాదాలు వాళ్లవి, మనకెందుకు. మంచు విపరీతంగా కురుస్తుందనీ, ఆ రాష్ట్రానికి సొంత సుప్రీంకోర్టు ఉందనీ, అందులో ఏడుగురు జడ్జీలనీ, వాళ్లను జనమే ఎన్నుకుంటారనీ తెలిస్తే చాలు. భర్త రవికిరణ్ అక్కడే పెరిగినవాడు, అక్కడి పౌరుడు. అతని వల్ల సంయుక్తకీ పౌరసత్వం వచ్చింది. తర్వాత అతనితో పొసగలేదు. విడాకులు వచ్చాయి, ఉద్యోగం పోయింది, డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్పుల కంపెనీ ఒకటి బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా ఇప్పించి పిలిచింది. అన్నీ వచ్చాయి, పోయాయి గానీ కూతురు, ఏడేళ్ల ఈషా మాత్రం తండ్రి దగ్గరే ఉండిపోయింది. పిల్లని జర్మనీ తీసుకెళ్తానంటే కింది కోర్టు కుదరదంది. దాని పైకోర్టూ కుదరదంది. ఇక మిగిలింది ఆ సుప్రీంకోర్టు.

అక్కడే వచ్చింది చిక్కు. ఏడుగురిలో ఒకాయన దిగిపోతున్నాడు. మిగిలిన ఆరుగురూ ఇలాంటి కేసుల్లో చెరోవైపు ముగ్గురుగా ఉన్నారని లాయరు చెప్పాడు. కొత్తగా వచ్చే ఏడో మనిషి ఎటు మొగ్గితే ఈషా అటు. ఆ ఏడో మనిషిని ఎన్నుకునే కాగితమే ఆ కవరులో ఉంది. విదేశంలో ఉన్నా పౌరులకి ఓటుంటుంది కాబట్టి పోస్టులో పంపారు.

"అంటే, నీ కేసు తీర్పు చెప్పేవాణ్ని నువ్వే పెట్టుకుంటావా?" జయలక్ష్మి గరిటె పక్కన పెట్టేసింది. "తప్పు కాదూ?"

"లాయర్‌ని అడిగానమ్మా. అందరికీ ఉన్నట్టే నాకూ ఓటుంది, తప్పేం లేదన్నాడు."

జయలక్ష్మికి ఆ మాట గొంతు దిగలేదు. ఖమ్మంలో ఒకసారి కక్షిదారు బావమరిది ఎవరో జడ్జీగారింటికి బుట్టెడు మామిడిపళ్లు పంపాడు. దొరగారు బుట్టని గేటు దగ్గరే ఆపించి, ఆ కేసునే వేరే కోర్టుకి మార్పించేశారు. ఆ ఉత్తర్వు టైప్ చేసింది ఈవిడే. బుట్టెడు పళ్లే అంత నేరమైతే ఏకంగా కుర్చీనే ఇవ్వడం ఏమవుతుంది? కానీ ఈషా ముఖం గుర్తొచ్చిందంటే ఈ న్యాయాలన్నీ ఎటో పోతాయి. మనవరాలిని ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టుకుని మూడేళ్లయింది. పోగొట్టుకోకూడని కాగితం కదా అని ఆ కవరు తీసుకెళ్లి బియ్యం డబ్బా మీద పెట్టింది. రెండు రోజులు దాని చుట్టూ తిరిగింది.

ఆదివారం విక్రాంత్ వచ్చాడు. కెమ్నిట్జ్‌లో ఎమ్మెస్ చేస్తున్న కరీంనగర్ కుర్రాడు. జయలక్ష్మి వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం గంట రైలెక్కి పప్పన్నం కోసం వస్తున్నాడు, మొహమాటం లేకుండా. ఈసారి అతనితో పని కూడా పడింది. ఓటు వేసేటప్పుడు పక్కన ఒక సాక్షి ఉండాలట. ఓటరు తనే వేసిందని సంతకం పెట్టాలట, కానీ ఎవరికి వేసిందో చూడకూడదట.

"అంటే నేను చూడాలె, కానీ చూడొద్దు. గంతేనా అక్కా?" అన్నాడు విక్రాంత్.

"అంతే."

"మంచిగున్నది. సరే గానీ, ఎవరు నిలబడ్డరు? ఏ పార్టీ?"

"పార్టీల్లేవు. జడ్జీలకి పార్టీ ఉండకూడదని బ్యాలెట్ మీద పేర్లు మాత్రమే ఇస్తారు."

విక్రాంత్ కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండే పేర్లు. మార్గరెట్ హోల్మ్‌గ్రెన్. థామస్ బ్రాడక్. పక్కన చెరొక ఖాళీ గుండ్రం. చెయ్యి లేదు, పువ్వు లేదు, కారు లేదు, సైకిలు లేదు.

"గుర్తు లేదు, పార్టీ లేదు, కులం సంగతి మనకు తెల్వదు. మరి ఏం జూసి వేస్తరు జనం?" నిజంగానే అడిగాడు పాపం, వెటకారం కాదు.

"మనిషిని చూసి" అంది సంయుక్త. అంది గానీ ఆ మనుషుల్ని తనూ ఎన్నడూ చూసింది లేదు.

సరే, చూద్దామని ముగ్గురూ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. హోల్మ్‌గ్రెన్‌గారు ముగ్గురు పిల్లల తల్లి. వంటింట్లో పిల్లలకి అట్లు వేస్తూ ఫొటో దిగింది. బ్రాడక్‌గారికి బూడిదరంగు మీసం, పక్కన దూడంత గోధుమరంగు కుక్క. ఇద్దరూ నిష్పక్షపాతంగా ఉంటామనే అన్నారు. ఇద్దరూ చట్టం ప్రకారమే నడుస్తామన్నారు. ఇద్దరికీ కుటుంబమంటే గౌరవమట. ఆవిడ పేజీ చదివి ఆయన పేజీ చదివితే, ఫొటోలు మార్చి ఒకే కాగితం అంటించినట్టుంది.

"ఆడమనిషి, తల్లి. తల్లి కడుపుకోత తల్లికి తెలుస్తది. ఆమెకే వెయ్యి" అని తేల్చేసింది జయలక్ష్మి. మొన్ననే ఈ ఓటే తప్పన్న మనిషి!

విక్రాంత్ ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. ఆవిడ కింది కోర్టులో ఇచ్చిన తీర్పుల కోసం వెతికాడు. "ఆంటీ, గీమె మూడు కేసుల్ల పిల్లల్ని తల్లి తీస్కపోతనంటే వద్దన్నది. పిల్లలకు తండ్రి దగ్గరుండాలె అన్నదట."

"మూడుసార్లా?" జయలక్ష్మి నోరు వెళ్లబెట్టింది.

"నాలుగోదాంట్ల సరే అన్నది. ఎందుకన్నదో ఇరవై పేజీలున్నది, నాకైతే సమజ్ అయితలేదు. గీ కుక్క సార్ ఏమో, ఒక కేసుల పిల్లని కెనడా తీస్కపోనిచ్చిండు!"

"అయితే ఆయనకే!"

"ఆగండాంటీ... తీస్కపోయింది తల్లి కాదు. తండ్రి."

జయలక్ష్మికి బుర్ర తిరిగిపోయింది. ఖమ్మంలో కొత్త జడ్జీగారు వస్తున్నారంటే, ఆయన ఇంతకుముందు చేసిన ఊళ్లోని టైపిస్టుకి ఒక ఫోన్ కొట్టేవాళ్లు. కోపమెక్కువా, వాయిదాలిస్తారా, టీలో పంచదార ఎంత అనే మూడు ముక్కల్లో మనిషి తెలిసిపోయేవాడు. ఇక్కడ ఇన్ని పేజీలు చదివినా కుక్క ఉందని తప్ప ఏమీ తెలియలేదు. అలాంటి టైపిస్టు నంబరేదైనా దొరికితే బాగుండునని మనసారా అనుకుంది.

"ఇక చాలు" అంది సంయుక్త. "రేపు పోస్ట్ చేయకపోతే టైముకి చేరదు. అమ్మ చెప్పినట్టు హోల్మ్‌గ్రెన్‌కే వేస్తా."

విక్రాంత్ బల్లకి ఆ చివర కూర్చుని, చూడాల్సినంత చూస్తూ, చూడకూడనప్పుడు కిటికీలోంచి ట్రాముల్ని చూస్తూ సాక్ష్యం కానిచ్చాడు. సంయుక్త నల్ల పెన్ను తీసుకుంది. మొదటి గుండ్రం నింపడం మొదలుపెట్టింది. సగానికి పైగా నింపాక చెయ్యి ఆగిపోయింది.

"మూడుసార్లు వద్దంది" అంది, ఎవరితోనో తెలియదు. "ఆయన కనీసం ఒకసారి పంపించాడు. తండ్రైతేనేం, పిల్లని వేరే దేశానికి పంపొచ్చని ఒప్పుకున్నాడు కదా..."

మొదటి గుండ్రాన్ని అడ్డంగా కొట్టేసింది. రెండోది నింపేసింది, గబగబా, మళ్లీ మనసు మారుతుందేమోనన్నట్టు.

పక్కన నిలబడ్డ జయలక్ష్మికి ఆ క్షణంలో అమెరికా గుర్తు లేదు, డ్రెస్డెన్ గుర్తు లేదు. కళ్లముందున్నది కొట్టివేత ఉన్న కాగితం. కోర్టులో కొట్టివేత పక్కన పొడి సంతకం లేకపోతే ఆ కాగితం చెల్లదు. అలాంటివి వేలకి వేలు వెనక్కి పంపింది ఆవిడ. అందుకే నోరు దానంతటదే తెరుచుకుంది.

"కొట్టేసినకాడ పొడి సంతకం పెట్టు. తారీఖు కూడా వెయ్యి."

సంయుక్త పెట్టేసింది. పెట్టక ఏం చేస్తుంది? మూడో తరగతి హోంవర్కు నుంచీ, దిద్దిన ప్రతిచోటా "ఎస్" అని పొడి సంతకం పెట్టించుకునే తల్లి దగ్గర పెరిగిన పిల్ల. కాగితం మడిచి, తిరిగి పంపే కవరులో పెట్టి, తడిపి అంటించేసింది. ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు.

విక్రాంత్ తన సంతకం ఎక్కడ పెట్టాలో చూద్దామని కవరుతోపాటు వచ్చిన సూచనల కాగితం తీశాడు. ముందువైపు చదివాడు, కవరు మీద సంతకం పెట్టాడు, అడ్రసు రాశాడు. తర్వాత ఊరికే తిప్పి వెనకవైపు చూశాడు. కుర్రాడి ముఖం పాలిపోయింది.

"అక్కా... ఓటరు ఎవరో తెలిసేటట్టు బ్యాలెట్ మీద సంతకం గానీ, పొడి అక్షరాలు గానీ, ఏ గుర్తు గానీ పెట్టొద్దంట. పెడితే ఓటు చెల్లకపోవచ్చంట. తప్పు వోతే కొట్టేయకుండ కొత్త కాగితం అడగాలెనంట."

కొత్త కాగితం ఎప్పుడు రావాలి, ఎప్పుడు వెళ్లాలి! ఎన్నిక తొమ్మిది రోజుల్లో ఉంది. జయలక్ష్మి ఆ సూచనల కాగితం లాక్కుని తనూ చదివింది. ఏ పని సరిగ్గా వచ్చని ముప్పై ఒక్క ఏళ్లు జీతం తీసుకుందో, సరిగ్గా ఆ పనితోనే కూతురి ఓటు తగలేసింది. ఎవరైనా తిట్టినా బాగుండేది. సంయుక్త తిట్టలేదు. కవరు బల్ల మీద బోర్లా పెట్టి గోడ గడియారం చూసింది. ఆరు కావస్తోంది. ఆదివారం ఆరింటికి ఈషాతో అరగంట మాట్లాడొచ్చని అక్కడి కోర్టు ఆర్డరు. డ్రెస్డెన్‌లో సాయంత్రమైతే వాళ్లకి పొద్దున పదకొండు.

విక్రాంత్ ట్రైనుందని చెప్పి, డబ్బాలో పెట్టిన పప్పన్నం మర్చిపోకుండానే తీసుకుని వెళ్లిపోయాడు.

తెర మీద ఈషా కనబడింది. పైపళ్లు రెండూ ఊడిపోయాయి. చొక్కా మీద గుండ్రటి కాగితం ఒకటి అంటించుకుని ఉంది.

"హాయ్ మమ్మీ! హాయ్ అమ్మమ్మా! ఐ వోటెడ్!"

మిగతాదంతా ఇంగ్లీషూ తెలుగూ కలిపి గలగలా చెప్పుకుపోయింది. అక్కడ ఎన్నిక రోజుకి ముందే వెళ్లి ఓటెయ్యొచ్చట. నిన్న డాడీ వేయడానికి వెళ్తూ తననీ తీసుకెళ్లాడట. ఓటేసినవాళ్లకిచ్చే ఈ స్టిక్కరు అక్కడొక మామ్మ తనకి కూడా ఇచ్చిందట.

సంయుక్త కుర్చీలో నిటారుగా కూర్చుంది. రవికిరణ్‌కీ ఓటుందన్న సంగతి ఈ మూడు రోజుల్లో తల్లీకూతుళ్లిద్దరికీ ఒక్కసారి కూడా తట్టలేదంటే నమ్ముతారా? తట్టలేదు. ఆ ఏడో కుర్చీ తమ కోసమే ఖాళీ అయినట్టు, బ్యాలెట్టు తమ ఒక్క ఇంటికే వచ్చినట్టు ప్రవర్తించారు.

"డాడీ ఎవరికేశాడు నాన్నా?" అడిగింది సంయుక్త, మామూలుగా అడుగుతున్నట్టు.

"డాగ్ ఉన్న జడ్జికి!"

జయలక్ష్మి కూతురి వంక చూసింది. కూతురు తల్లి వంక చూసింది.

డాడీ చాలా రాత్రులు ఇద్దరి గురించీ చదివాడని చెప్పింది ఈషా. చదివి చదివి తల పట్టుకున్నాడట. ఒకసారి ఆవిడన్నాడట, ఒకసారి ఈయనన్నాడట. చివరికి కారులో కూర్చుని తననే అడిగాడట, నువ్వు చెప్పు ఎవరికి వెయ్యను అని. తనకి కుక్క నచ్చిందట.

"నువ్వెవరికేశావ్ మమ్మీ?"

"నేను... నేనూ ఆయనకే."

"డాగ్ కోసమా?"

డాగ్ కోసం కాదని చెప్పాలంటే దేని కోసమో చెప్పాలి. కెనడాకి పిల్లని పంపాడని సంయుక్త వేసింది. తండ్రికి పిల్లని ఇచ్చాడని రవికిరణ్ మొగ్గి ఉంటాడు. ఆ కేసు ఒక్కటే. దాంట్లో ఎవరి గెలుపు వాళ్లకి కనబడింది.

"ఆయన గెలిస్తే నేను నీ దగ్గరికొస్తానా, ఇక్కడే ఉంటానా?" అడిగింది ఈషా. ఈసారి గలగల లేదు. స్టిక్కరు అంచు గోటితో పీకుతోంది.

"తెలీదు బంగారం."

"డాడీ కూడా ఐ డోంట్ నో అన్నాడు." స్టిక్కరు ఊడి చేతిలోకొచ్చింది. "మీ ఇద్దరికీ తెలీకపోతే మరెందుకు వేశారు?"

జయలక్ష్మి జవాబు కోసం వెతికింది. పెద్దది, కోర్టు మనిషి, ఏదో ఒకటి చెప్పాలి కదా. ఖమ్మంలో ఇలాంటి కేసులొస్తే జడ్జీగారు పిల్లని ఛాంబర్లోకి పిలిచి, బిస్కెట్టు చేతిలో పెట్టి, "నీకెక్కడ ఉండాలనుంది తల్లీ" అని అడిగేవారు. ఈషాని అక్కడ ఎవరైనా అడిగారో లేదో తెలియదు. తను అడగలేదు. సంయుక్త అడగలేదు. అడిగిన ఒక్కగానొక్క మనిషి రవికిరణ్, అతను అడిగింది కూడా ఎవరికి ఓటు వెయ్యాలనే.

"నాకూ తెల్వదమ్మా" అంది జయలక్ష్మి చివరికి. అరగంటలో మిగిలిన సమయమంతా ఊడిన పళ్ల గురించి మాట్లాడుకున్నారు.

రాత్రి అన్నం ఎవరికీ సహించలేదు. "నీ ఓటు నేనే నాశనం చేసిన" అని జయలక్ష్మి కళ్లొత్తుకుంది. "ఒకవేళ ఒక్క ఓటుతో..." అనబోయి ఆగిపోయింది. ఆ ఒక్క ఓటు ఎవరికి మేలో ఎవరికి కీడో కూడా తెలియనప్పుడు దేనికి ఏడవాలి? అయినా ఏడ్చింది. తప్పు తప్పే కదా.

కవరు సంగతంటారా? సోమవారం పొద్దున సంయుక్త ఆఫీసుకి వెళ్లాక, జయలక్ష్మే దాన్ని తీసుకెళ్లి వీధి చివర పసుపురంగు పోస్టు డబ్బాలో వేసింది. అక్కడ ఆ కవరు విప్పేది జడ్జీ కాదు, తనలాంటి గుమస్తా ఎవరో. చూసి వెనక్కి పంపిస్తుందో, ఎవరో తల్లి చాదస్తంలే అని వదిలేస్తుందో. తను మాత్రం ఒక్కసారి కూడా వదిలేయలేదు. అది కూడా డబ్బా దగ్గరే గుర్తొచ్చింది ఆవిడకి, చెయ్యి కాసేపు లోపలే ఉండిపోయింది.

సాయంత్రం సంయుక్త ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే బల్ల దగ్గర కూర్చుంది.

"అమ్మా, మీ కోర్టులో రాజీ కాగితం ఎట్లా రాసేవాళ్లు?"

జయలక్ష్మి చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. "ఎవరితో రాజీ?"

"రవికిరణ్‌తో. మధ్యాహ్నం మెసేజ్ పెట్టా. ఇద్దరం ఒకరికే ఓటేశామంట, ఎందుకో నీకేమైనా తెలుసా అని. రెండేళ్లలో లాయర్ లేకుండా పెట్టడం ఇదే. నవ్వుతున్న బొమ్మొకటి పంపాడు. తర్వాత, నాకూ తెలీదు, మాట్లాడదామా అన్నాడు."

"ఒప్పుకుంటడా?"

"తెలీదు. ఏం ఒప్పుకోవాలో నాకే తెలీదు. సెలవులకి ఇక్కడ, చదువుకి అక్కడ అనొచ్చు. లేకపోతే ఒకేడు ఇటు, ఒకేడు అటు. పిల్లనీ అడగాలి." కోటు గుండీ విప్పబోయి మళ్లీ పెట్టుకుంది. "ఒకసారి రాసుకున్నాక దిద్దడానికి ఉంటుందా అమ్మా?"

ఈ ప్రశ్నకి మాత్రం జయలక్ష్మి దగ్గర జవాబుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి.

"ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. దిద్దిన ప్రతిచోటా ఇద్దరి పొడి సంతకాలూ ఉండాలె. ఒక్కరిది ఉంటే చెల్లదు."

చేతులు కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, ల్యాప్‌టాప్ ముందుకి లాక్కుంది. ఖమ్మంలో ఇలాంటి కాగితాల్లో మొదటి పేరా పిల్ల గురించే ఉండేది. ఈషా పేరు, వయసు టైప్ చేసింది. తర్వాత ఏం రాయాలో ఆవిడకీ తోచలేదు, సంయుక్తకీ తోచలేదు. ఇద్దరూ ఆ పేరు వంక చూస్తూ కూర్చున్నారు.